ఇంకాస్త వేగంగా వెళ్లే కిట్ విమానం ఏది కట్టుకోవాలి?

ప్రశ్న: నా దగ్గర 100 హార్స్‌పవర్ ఇంజిన్ ఉన్న రెండు సీట్ల హై-వింగ్ (రెక్క క్యాబిన్ పైన ఉండే) విమానం ఉంది. స్టీలు గొట్టాల చట్రం మీద గుడ్డ కప్పిన పాతకాలపు తరహా. గడ్డి స్ట్రిప్ (చిన్న రన్‌వే) అయినా, వాగు పక్కన గులకరాళ్ల మేట అయినా హాయిగా దిగుతుంది. కానీ 80 నాట్లు (గంటకు 80 నాటికల్ మైళ్లు) దాటదు. స్నేహితులతో కలిసి 300 నాటికల్ మైళ్ల దూరంలోని కొండ స్ట్రిప్‌లకు బయల్దేరితే, వాళ్లు దిగి, టెంట్లు వేసి, స్టవ్ వెలిగించేసరికి నేనింకా దారిలోనే ఉంటాను. నాతో నా భార్య, మా క్యాంపింగ్ సామాను ఉంటాయి. స్ట్రిప్‌లు 1,200 అడుగుల నుంచి 3,000 అడుగుల పొడవు, 5,000 అడుగుల ఎత్తు దాకా. 120 నాట్లు వెళ్లాలి, ఇప్పటిలాగే చిన్న చోట దిగాలి. కిట్‌గా విడిభాగాలు తెప్పించుకుని గ్యారేజీలో నేనే కట్టుకోవాలని ఉంది. ఉన్నదానికే పెద్ద ఇంజిన్ పెట్టుకోమని ఒకరు, స్లాట్లున్న విమానం, అంటే నెమ్మదిగా వెళ్లినా తేలేలా రెక్క ముందు అంచున సన్నటి పట్టీలున్నది, కొనుక్కోమని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: స్టవ్ వెలిగించే సంగతి చదివి నవ్వొచ్చింది. ఆ ఆలస్యపు బాధ నేనూ చాలా ఏళ్లు పడ్డాను. అయితే "ఇప్పటిలాగే చిన్న చోట దిగాలి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీకు కావలసిన విమానం ఏదో తేల్చేది 120 అనే అంకె కాదు, ఈ మాటే. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు పెద్ద ఇంజిన్ సలహా సంగతి తేల్చేద్దాం.

ఆ పని చేయకండి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని తోసుకెళ్లడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. అంటే అదే విమానాన్ని 80 నాట్ల నుంచి 100కి తీసుకెళ్లాలంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. 100 హార్స్‌పవర్ ఉన్నచోట 195 పెట్టాలన్నమాట. ముక్కు బరువెక్కుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, సామానుకు మిగిలే బరువు తగ్గుతుంది. ఆ రెక్కకు, తోకకు ఇంతకు మించి వెళ్లకూడదని డిజైనర్ పెట్టిన వేగం మాత్రం అక్కడే ఉంటుంది. టేకాఫ్ మాత్రం రాకెట్‌లా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మీ బాధ టేకాఫ్ కాదు కదా.

ఇప్పుడు వేగం లెక్క. 300 నాటికల్ మైళ్లకు 80 నాట్లతో 3 గంటల 45 నిమిషాలు. 100 నాట్లతో 3 గంటలు. 120తో రెండున్నర గంటలు. 140తో 2 గంటల 9 నిమిషాలు. మొదటి 20 నాట్లు 45 నిమిషాలు మిగిల్చాయి, రెండో 20 నాట్లు 30, మూడో 20 నాట్లు 21. ఖర్చేమో అటునుంచి ఇటు, అంటే ప్రతి 20 నాట్లకూ ముందుకన్నా ఎక్కువ. ఇది గాలి లేని రోజు లెక్క. 20 నాట్ల ఎదురుగాలి ఉన్న రోజున మీ 80 నాట్ల విమానం నేల మీద 60తో పాకుతుంది, ఐదు గంటలు. 120 విమానానికి మూడు గంటలే. నెమ్మది విమానం అసలు బాధ పెట్టేది ఇలాంటి రోజుల్లోనే. కాబట్టి మీరు 120 అన్నది అత్యాశేమీ కాదు, సరైన చోటే ఆగారు. 140 కోసం మాత్రం ఆస్తులు అమ్ముకోకండి.

ఇక దిగడం సంగతి. గత రెండేళ్ల లాగ్‌బుక్ తీసి, ప్రతి ల్యాండింగ్ పక్కన ఆ స్ట్రిప్ పొడవు రాయండి. నేను ఈ పని చేసినప్పుడు కాస్త సిగ్గేసింది. 600 అడుగుల్లో దిగే విమానమే కావాలని పంతం పట్టినవాణ్ని, వెయ్యి అడుగులకు లోపు ఉన్న చోట దిగింది రెండేళ్లలో నాలుగే సార్లు. అందులో రెండు గొప్పలకు పోయి దిగినవి. మీ ఉత్తరం ప్రకారమే మీ అతి చిన్న స్ట్రిప్ 1,200 అడుగులు. గులకరాళ్ల మేటలు మీ పట్టికలో ఎన్నిసార్లు వస్తాయో చూడండి. ఏడాదికి ఒకటో రెండో అయితే, ఆ రెండు దిగుళ్ల కోసం మిగతా నూరు గంటలూ నెమ్మదిగా ఎగరడం ఎందుకు? నెలకోసారి అయితే మాత్రం మీ పాత విమానాన్ని అమ్మకండి, ఇక ఈ ఉత్తరం చదవడం కూడా ఆపేయొచ్చు.

స్లాట్లున్న విమానాల మీద నాకు గౌరవం ఉంది. క్రిస్ హైంజ్ డిజైన్ చేసిన జెనిత్ సీహెచ్ 701 చూడండి. మందమైన రెక్క, ముందు అంచున కదలని స్లాట్లు, జానెడు చోట లేస్తుంది, దిగుతుంది. కానీ ఆ స్లాట్లు క్రూజ్‌లో (దూరం వెళ్లేటప్పటి మామూలు ఎగరడంలో) కూడా గాలిలో అలాగే నిలబడి ఉంటాయి, గంటకు 80 మైళ్ల చుట్టుపక్కలే, అంటే దాదాపు 70 నాట్లతో తిరుగుతుంది. మీ పాత విమానం కన్నా నెమ్మది. అదే కంపెనీ తర్వాత స్లాట్లు తీసేసి, రెక్క మార్చి, సీహెచ్ 750లో క్రూజర్ అనే మోడల్ తెచ్చింది. మీరు అడిగిన ప్రశ్నకు తయారీదారే చెప్పిన జవాబు అది. జస్ట్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ల సూపర్‌స్టోల్‌లో స్లాట్లు వాటంతటవే లోపలికి, బయటికి జరుగుతాయి. చూడముచ్చటగా ఉంటుంది. అయినా అది పుట్టింది నెమ్మదిగా దిగడానికే, దూరాలు కొట్టడానికి కాదు.

స్టాల్ వేగం, అంటే అంతకన్నా నెమ్మదిస్తే రెక్క విమానాన్ని మోయలేని వేగం, కొంచెమే పెరిగితే ఏమవుతుందిలే అనుకోవడం కూడా తప్పే. 40 నాట్లతో నేల తాకేది 48తో తాకిందనుకోండి, వేగం పెరిగింది 20 శాతమే. బ్రేకులు, టైర్లు మింగాల్సిన శక్తి 44 శాతం పెరుగుతుంది. దీనికి ఎత్తు, ఎండ తోడవుతాయి. అమెరికాలో ఐడహో కొండల్లో జాన్సన్ క్రీక్ అని పేరున్న గడ్డి స్ట్రిప్ ఉంది, 3,400 అడుగుల పొడవు, సముద్రమట్టానికి దాదాపు 4,900 అడుగుల ఎత్తు. అక్కడ 30 డిగ్రీల మధ్యాహ్నం డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి పలుచదనాన్ని బట్టి విమానానికి అనిపించే ఎత్తు, దాదాపు 8,000 అడుగులు పలుకుతుంది. మీటర్‌లో 50 నాట్లే కనిపిస్తుంది, గాలిలో అసలు వేగం మాత్రం 56. నేల మీదికి తెచ్చే శక్తి పావు వంతుకు పైగా ఎక్కువ. టర్బో లేని ఇంజిన్ ఆ గాలిలో తన శక్తిలో సుమారు నాలుగో వంతు పోగొట్టుకుని ఉంటుంది, అంటే తిరిగి లేవడం దిగడం కన్నా కష్టం. బ్రోషర్లో టేకాఫ్ 350 అడుగులు అని చూపించేది సముద్రమట్టం దగ్గర, చల్లటి పొద్దున, సన్నగా ఉన్న ఒక్క పైలట్‌తో, సగం ట్యాంకుతో. అరచేతిలో వైకుంఠం.

వేగం గల విమానంతో కొండల్లో ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. లోయలో వెనక్కి తిరగాల్సి వస్తుంది. 45 డిగ్రీల బ్యాంక్‌లో, అంటే విమానాన్ని అంత పక్కకు వంచి, 60 నాట్లతో తిరిగితే ఆ చుట్టు వెడల్పు దాదాపు 640 అడుగులు. 80 నాట్లతో తిరిగితే 1,130 అడుగులు దాటుతుంది. మీ పాత విమానంలో మీకు తెలియకుండానే ఈ జాగ్రత్త దానంతటదే జరిగిపోయేది, ఎందుకంటే అది ఎప్పుడూ నెమ్మదిగానే ఉండేది. కొత్తది నున్నగా ఉంటుంది, ముక్కు కాస్త దించితే చాలు, పరుగెడుతుంది. లోయలోకి వెళ్లకముందే, రెండు మూడు మైళ్ల దూరంలోనే పవర్ తగ్గించి, ఫ్లాప్‌లను (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలు) మొదటి మెట్టు దించుకుని, 70 నాట్లకో ఎంతకో స్థిరపడాలి. అందుకే కిట్ చూసేటప్పుడు క్రూజ్ ఎంత అని అడిగినట్టే, మొదటి ఫ్లాప్ ఎంత వేగం దగ్గర దించొచ్చని కూడా అడగండి. ఆ వేగం ఎక్కువైతే పని సులువు. 45 డిగ్రీల బ్యాంక్‌లో స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుందనేది మీకు తెలిసిందే, కానీ బరువుతో ఉన్న రోజున దాన్ని మరిచిపోవడం కూడా అంతే తేలిక.

దీనికి రెండో వైపు కూడా ఉంది. రెక్క చదరపు అడుగుకు ఎంత బరువు మోస్తుందో చూస్తాం కదా, అది మరీ తక్కువగా ఉన్న విమానం గాలి కుదుపుల్లో ఆకులా ఊగుతుంది. మధ్యాహ్నం వేడికి కొండల మీద గాలి ఉడుకుతుంటే, క్రూజ్‌లో 100 నాట్లు వెళ్లగలిగినా మీరే భయపడి 75కి తగ్గించుకుంటారు. అలాంటప్పుడు కాగితం మీద ఉన్న వేగం కాగితం మీదే ఉండిపోతుంది. చదరపు అడుగుకు కాస్త ఎక్కువ బరువు మోసే రెక్క ఉన్నదైతే కుదుపుల్లోనూ వేగం పెద్దగా తగ్గించక్కర్లేదు. వెనక్కి తిరిగి భార్య ముఖం చూసుకునే అవసరమూ తగ్గుతుంది.

ఇప్పుడు పేర్లు. మీ అవసరానికి నేను చూడమనేది మధ్య తరగతి విమానాలు, అంటే 150 నుంచి 180 హార్స్‌పవర్, లోహపు రెక్క, పక్కపక్కన సీట్లు. రాన్స్ ఎస్-21 అవుట్‌బౌండ్ అందులో ఒకటి. రెక్కలు పూర్తిగా లోహం, కాక్‌పిట్ చుట్టూ స్టీలు గొట్టాల చట్రం. బాబ్ బారోస్ డిజైన్ చేసిన బేర్‌హాక్ కంపానియన్ ఇంకొకటి. బాడీ గుడ్డ కప్పిన స్టీలు గొట్టాలు, రెక్క లోహం, సీట్ల వెనక సామానుకు బోలెడు చోటు. ఇంజిన్, టైర్లను బట్టి ఈ రెండూ 105 నుంచి 125 నాట్ల మధ్య ఎక్కడో తిరుగుతాయి. స్టాల్ వేగం మీ పాతదానికన్నా కొంచెం ఎక్కువే అయినా, 1,200 అడుగుల స్ట్రిప్‌లు మీ చేతిలోంచి జారిపోవు. గ్లాసెయిర్ స్పోర్ట్స్‌మన్ వీటికన్నా వేగం, రెక్కలు మడతపెట్టొచ్చు, తోక చక్రం నుంచి ముక్కు చక్రానికి మార్చుకోవచ్చు. చాలా ఏళ్లుగా కడుతున్నారు కాబట్టి సెకండ్‌హ్యాండ్ మీద కూడా ఒక కన్నేయండి. వ్యాన్స్ అనే కిట్ కంపెనీ వాళ్లు ఏళ్ల తరబడి కింద రెక్క ఉన్న వేగం విమానాలతో పేరు తెచ్చుకుని, 2022లో అమెరికాలోని ఓష్‌కోష్ విమానాల మేళాలో ఆర్‌వీ-15 అనే హై-వింగ్ విమానాన్ని చూపించారు. కొత్త డిజైన్, కిట్ సరఫరా ఎంతవరకు వచ్చిందో వాళ్లనే అడిగి తెలుసుకోండి. మొదటి వరసలో నిలబడే ఓపిక నాకైతే లేదు. ఇంకొకరు కట్టి, నాలుగు తప్పులు దొర్లించాక వచ్చే కిట్ నాకిష్టం.

కిట్‌ఫాక్స్ అనే తేలికపాటి కిట్ విమానం సంగతి విడిగా చెప్పాలి. మీరు ఎక్కువగా ఒక్కరే ఎగిరేవాళ్లయితే కళ్లు మూసుకుని అదే చెప్పేవాణ్ని, అందులోనూ రోటాక్స్ 915 ఇంజిన్‌తో. ఆ ఇంజిన్ 141 హార్స్‌పవర్, టర్బో ఉంది కాబట్టి 15,000 అడుగుల దాకా శక్తి నిలుపుకుంటుంది. మామూలు ఇంజిన్లు చతికిలబడే 8,000 అడుగుల దగ్గర ఇది మాత్రం ఏమీ ఎరగనట్టే ఉంటుంది. కానీ మీకు బరువుంది.

బరువు గురించి మీరు రాయలేదు, కాబట్టి నేనే లెక్క వేశాను. ముందు నా కథ వినండి. మా క్యాంపింగ్ సామాను "ఓ అరవై పౌండ్లు" అని ఏళ్ల తరబడి రాసుకున్నాను. ఒకరోజు అనుమానం వచ్చి సంచులన్నీ ఒక్కొక్కటిగా బాత్రూమ్ కాటా మీద పెట్టాను. టెంటు, రెండు పరుపులు, స్టవ్, నీళ్ల డబ్బా, టూల్ సంచి, తాళ్లు, మేకులు, ఎందుకు ఉందో ఎవరికీ తెలియని ఒక మడత కుర్చీ. 118 పౌండ్లు. టూల్ సంచి ఒక్కటే 23. అన్నాళ్లూ బరువు లెక్కను దాదాపు అరవై పౌండ్లు తప్పుగా రాసుకుంటూ ఎగిరానన్నమాట. మీ సంచులను కూడా అలాగే తూచండి. ఇద్దరు మనుషులు 340 అనుకుందాం, సామాను 118. కొండ స్ట్రిప్‌లలో పెట్రోల్ దొరకదు కాబట్టి పోను రాను 600 నాటికల్ మైళ్లకు సరిపడా మోసుకెళ్లాలి. 120 నాట్లతో 5 గంటలు, గంటకు 9 గ్యాలన్ల చొప్పున 45, రిజర్వుకు ఇంకో గంట. మొత్తం 54 గ్యాలన్లు, గ్యాలన్ 6 పౌండ్ల లెక్కన 324. అన్నీ కలిపితే 782 పౌండ్లు. దారిలో ఎక్కడైనా పెట్రోల్ పట్టించుకోగలిగితే వంద తగ్గించుకోండి. ఇప్పుడు మీరు చూస్తున్న ప్రతి కిట్ గ్రాస్ బరువులోంచి, అంటే అన్నీ కలిపి ఉండగల గరిష్ఠ బరువులోంచి, ఖాళీ బరువు తీసేయండి. మిగిలింది ఆ 782కి తగ్గకూడదు. ఆ ఖాళీ బరువు బ్రోషర్లోది కాదు, ఇప్పటికే కట్టి ఎగురుతున్న మూడు నాలుగు విమానాలది. పెయింటు, పెద్ద టైర్లు, తెరల మీద తెరలున్న ప్యానెల్ కలిశాక ఒక్కటీ బ్రోషర్ బరువు దగ్గర ఆగదు. ఈ లెక్క వేసినప్పుడల్లా నేను బేర్‌హాక్ కంపానియన్ వైపే మొగ్గుతున్నాను. మోత మోయడానికి గీసిన విమానమది. మీరు సామాను సగం చేయగలిగితే అవుట్‌బౌండ్.

ఏది కట్టినా డబ్బు ఒక చోట తప్పకుండా పెట్టండి, కాన్‌స్టెంట్ స్పీడ్ ప్రొపెల్లర్ మీద, అంటే ఎగురుతుండగానే బ్లేడ్ల కోణం (పిచ్) మార్చుకునేదాని మీద. ఫిక్స్‌డ్ ప్రొపెల్లర్ అంటే ఒకే గేరుతో కారు నడపడం. ఎక్కడానికి సరిపోయే పిచ్ పెట్టుకుంటే క్రూజ్‌లో ఇంజిన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) గీత దాటకుండా మీరే పవర్ తగ్గించుకోవాలి, క్రూజ్‌కి పెట్టుకుంటే చిన్న స్ట్రిప్‌లో టేకాఫ్ నత్తనడక అవుతుంది. మీరు అడిగిన రెండు గుణాలనూ ఒకే విమానంలో కలిపేది ఎక్కువగా ఆ ప్రొపెల్లరే. కొంత బరువు, కొంత ఖర్చు, అయినా సరే.

టైర్ల దగ్గర మాత్రం చేయి బిగపట్టండి. 31 అంగుళాల పెద్ద టైర్లు ఫోటోల్లో బాగుంటాయి, గులకరాళ్ల మేటల మీద నిజంగానే అవసరం. గడ్డి స్ట్రిప్‌లకు 26 అంగుళాలు చాలు. ఇన్ని లక్షలు పోసి వేగం కొనుక్కుని, రెండు డోలు లాంటి టైర్లు కింద వేలాడదీసి దాన్ని వదులుకోవడం నాకు అర్థం కాదు. స్ట్రట్ (రెక్కకు ఊతమిచ్చే ఏటవాలు కడ్డీ) రెక్కను కలిసే చోట, ల్యాండింగ్ గేర్ కాళ్ల దగ్గర ఫెయిరింగ్‌లు, అంటే గాలి నున్నగా జారేలా చేసే తొడుగులు, శ్రద్ధగా చేయండి. బోర్ కొట్టే పనే, కానీ ఇంజిన్ ముట్టుకోకుండా నాలుగైదు నాట్లు దొరికేది అక్కడే. స్టాల్ తగ్గించుకోవడానికి రెక్క మీద అంటించే వోర్టెక్స్ జనరేటర్లు కూడా ఉన్నాయి, బొటనవేలంత రెక్కముక్కలు. క్రూజ్‌ను పెద్దగా తినవు.

కట్టడం గురించి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు విమానం కట్టి చూడలేదు. కంపెనీ చెప్పిన గంటలకు సగం కలుపుకోండి. లోహపు రెక్క అంటే వేల రివెట్లు. రంధ్రం వేసి, క్లీకో (తాత్కాలికంగా పట్టి ఉంచే పిన్ను) పెట్టి బిగించి, విప్పి, రంధ్రం అంచున లేచిన బర్ (గరుకు) గీకి, మళ్లీ బిగించి, అప్పుడు రివెట్. నాకు అదొక రకం ధ్యానం, మా ఇంట్లో వాళ్లకు తలనొప్పి. క్విక్‌బిల్డ్ కిట్ తీసుకుంటే రెక్కలు చాలావరకు తయారై వస్తాయి. మీ వయసు రాయలేదు, యాభై దాటి ఉంటే అదే తీసుకోండి. అమెరికా నిబంధనల ప్రకారం పనిలో ఎక్కువ భాగం, అంటే 51 శాతం, అమెచ్యూర్ (వృత్తిగా కాక సరదాగా కట్టుకునేవాడి) చేతుల మీదుగా జరిగి ఉండాలి. క్విక్‌బిల్డ్‌లు ఆ గీత లోపలే ఉండేలా తయారవుతాయి. కొనేముందు ఆ కిట్‌కు ఆ ఆమోదం ఉందో లేదో చూసుకోండి. కట్టడం అయ్యాక మొదటి దశ టెస్ట్ ఫ్లయింగ్ మామూలుగా 40 గంటలు, ఇంజిన్, ప్రొపెల్లర్ రెండూ సర్టిఫై అయిన జోడీ అయితే 25. ఆ గంటలను టైమ్‌పాస్‌గా గడపకండి. పొడవైన రన్‌వే పక్కన వంద అడుగుల దూరంలో రెండు కోన్లు పెట్టి, వాటి మధ్యే చక్రాలు తాకేలా దిగడం నేర్చుకున్నది నేను ఆ రోజుల్లోనే. మొదటి పది ల్యాండింగుల్లో మూడే లోపల పడ్డాయి. స్టాల్ వేగం 45 ఉన్న విమానాన్ని అనుకున్న చోట దించగలిగినవాడు, 38 స్టాల్ ఉండి రెండొందల అడుగులు అవతల తాకేవాడి కన్నా చిన్న స్ట్రిప్‌లో దిగుతాడు.

డబ్బు కట్టేముందు కంపెనీ డెమో విమానంలో ఎగరండి. ఒక్కరే కాదు, ఇద్దరూ వెళ్లండి. తూచిన సంచులను కారులో వేసుకెళ్లి, వెనక ఎక్కించమని అడగండి. ట్యాంకులు నింపమని అడగండి. మధ్యాహ్నం ఎండలో ఎగరాలని అడగండి. కొందరు డెమో పైలట్లు ముఖం చిట్లిస్తారు, పొద్దున్నే గాలి బాగుంటుందంటారు. మీరు మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చోండి. ఆ మడత కుర్చీ అప్పుడైనా పనికొస్తుంది.